వయసు కాని వయసులో

తెలుగు ఊళ్లలో బస్టాండు గోడ మీద మూడు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: మొలలు, ఫిషర్, ఫిస్టులా. ఆపరేషన్ లేకుండా నయం చేస్తామనే హామీ, కింద ఓ ఫోన్ నంబరు. ఆ రాతల మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. మలద్వారం గురించి మన సమాజం పదిమందిలో మాట్లాడే చోటు దాదాపు అదొక్కటే. చిక్కల్లా దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడితే అది మొలలేనని ఆ గోడ ముందే తీర్పు చెప్పేయడంలో ఉంది. ఇంట్లో చెబితే ఇంకో తీర్పు సిద్ధంగా ఉంటుంది: "వేడి చేసుంటుందిరా, ఆవకాయ మానెయ్, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు." ముప్పై రెండేళ్ల కుర్రాడు బుద్ధిగా తాగుతాడు. రక్తం కొన్నాళ్లు ఆగుతుంది కూడా. గడ్డ నుంచి కారే రక్తం రోజూ కారాలన్న నియమమేమీ లేదు.

ఆ వయసులో రక్తం పడితే కారణం చాలాసార్లు మొలలో, చీలికో అయి ఉంటుందన్న మాట నిజమే. అందుకే డాక్టరు కూడా పరీక్ష చెయ్యకుండానే మందు రాసేస్తాడు. మలాశయం కింది భాగంలో గడ్డ ఉంటే చేతికి తొడుగు వేసుకుని వేలితో చూస్తేనే తగలొచ్చు. అర నిమిషం పని. సిగ్గుపడి రోగి అడగడు, రద్దీలో డాక్టరు చెయ్యడు.

ఏ లక్షణాలు పట్టించుకోవాలో తేల్చడానికి అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు, 50 ఏళ్లలోపే పెద్దపేగు లేదా మలాశయ క్యాన్సర్ వచ్చిన 5,000 మందికి పైగా రోగుల బీమా రికార్డుల్ని తిరగేశారు. 2023లో అచ్చయిన ఆ అధ్యయనం రోగనిర్ధారణకు మూడు నెలల ముందు నుంచి వెనక్కి రెండేళ్ల దాకా చూసి నాలుగు సూచనలు పట్టుకుంది: కడుపునొప్పి, మలంలో రక్తం, విరేచనాలు, ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత. వీటిలో ఒకటి ఉన్నవాళ్లలో క్యాన్సర్ అవకాశం దాదాపు రెండింతలు. మూడు కలిస్తే ఆరింతలు దాటింది. ఒక్కొక్కటిగా చూస్తే అందరికీ వచ్చేవే. వాటిని కలిపి చూసే మనిషి లేకపోవడమే అసలు లోపం.

వీటిలో నాలుగోది మన దగ్గర మరీ మోసం చేస్తుంది. పాతికేళ్ల అమ్మాయికి హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోతే నెలసరి మీదకి నెట్టేసి ఖర్జూరం, బీట్‌రూట్, ఐరన్ మాత్రలు మొదలుపెడతాం. పెద్దపేగు కుడివైపున, అంటే మొదటి భాగంలో, మలం ఇంకా నీళ్లగా ఉంటుంది. అక్కడ గడ్డ పెరిగినా దారి త్వరగా మూసుకుపోదు, చుక్కచుక్కగా కారే రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనపడదు. బయటికి తెలిసేది ఆయాసం, నీరసం. మగవాడిలోనైతే ఇనుము లోపానికి నెలసరి సాకు కూడా లేదు. అయినా టానిక్కు రాసి పంపేస్తారు.

ఇంత చిన్నవయసులో ఈ జబ్బు ఎలా వస్తుందన్నదే శాస్త్రవేత్తల్ని కూడా వేధిస్తున్న ప్రశ్న. పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి పూర్తిగా కొత్తదైపోతుంది. పొరలోని సన్నటి గుంటల అడుగున ఉండే మూలకణాలు విడిపోతూ కొత్త కణాల్ని పైకి పంపుతుంటాయి. పైకి చేరినవి రాలి మలంతో పోతాయి. కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్ఏ నకలు తీయాలి, నకలులో తప్పు దొర్లవచ్చు. మామూలుగా ఏపీసీ అనే జన్యువు దెబ్బతినడంతో కథ మొదలవుతుంది. కణం రాలాల్సిన వేళకి రాలకుండా గుంపు కడుతుంది. అదే పాలిప్. ఆ తర్వాత కేరాస్, పీ53 వంటి జన్యువులు ఒక్కొక్కటే చెడిపోతూ పోతే పాలిప్ క్యాన్సర్‌గా మారుతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో ఫియరన్, వోగెల్‌స్టైన్ 1990లో ఈ మెట్ల వరస గీసి చూపించారు. ఒక్కో మెట్టుకీ ఏళ్లు పడతాయి, మొత్తానికి పదేళ్లో అంతకన్నా ఎక్కువో. అందుకే ఇది ముసలివాళ్ల జబ్బని పాఠ్యపుస్తకాలు రాశాయి.

ఆ రాతను మార్చాల్సి వచ్చింది. అమెరికాలో ఈ క్యాన్సర్ బయటపడినవాళ్లలో 55 ఏళ్లలోపు వాళ్ల వాటా 1995లో 11 శాతం, 2019కల్లా 20 శాతం. 50 ఏళ్లలోపు మగవాళ్ల క్యాన్సర్ చావుల్లో ఇదిప్పుడు మొదటి కారణమని, ఆడవాళ్లలో రెండోదని 2024లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ప్రకటించింది. 1990ల చివర్లో ఇద్దరిలోనూ ఇది నాలుగో స్థానంలో ఉండేది. లెక్కల్ని పుట్టిన సంవత్సరం ప్రకారం పేర్చినప్పుడు ఇంకో విషయం తేలింది. 1990 ప్రాంతాల్లో పుట్టినవాళ్లకి, అదే వయసులో 1950 ప్రాంతాల్లో పుట్టినవాళ్లతో పోలిస్తే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, మలాశయ క్యాన్సర్ ముప్పు నాలుగింతలు. అంటే ఒక తరం బాల్యంలోనో, యవ్వనంలోనో ఏదో మారింది. ఊబకాయం, తీపి పానీయాలు, ప్యాకెట్ తిళ్లు, కూర్చుని చేసే పనులు, యాంటీబయాటిక్స్ అన్నీ అనుమానితులే. ఏ ఒక్కటీ నేరం ఒప్పుకోలేదు.

2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఓ కొత్త అనుమానితుణ్ణి ముందుకు తెచ్చింది. 11 దేశాల నుంచి 981 మంది రోగుల గడ్డల జన్యువుల్ని చదివితే, కొన్ని రకాల ఈ-కొలై బ్యాక్టీరియా వదిలే కొలిబాక్టిన్ అనే విషపదార్థం డీఎన్ఏ మీద వేసే ముద్ర కనపడింది. డెబ్బై దాటాక క్యాన్సర్ వచ్చినవాళ్లతో పోలిస్తే, నలభైలోపే వచ్చినవాళ్లలో ఆ ముద్ర 3.3 రెట్లు ఎక్కువ. ఆ దెబ్బ పుట్టిన మొదటి పదేళ్లలోనే పడి ఉంటుందని పరిశోధకుల అంచనా. కొలిబాక్టిన్ వల్లే క్యాన్సర్ వచ్చిందని దీంతో రుజువైపోదు. ఆ 11 దేశాల్లో మన దేశం లేదు కూడా. అయినా ఈ ఫలితంలో రోగికి పనికొచ్చే మాట ఒకటి ఉంది. "నేనేం తిని ఈ రోగం తెచ్చుకున్నాను?" అని రాత్రంతా లెక్కలు వేసుకునే ముప్పై అయిదేళ్ల మనిషికి, ఆ లెక్కలో మొదటి అంకె అతను రెండో తరగతి చదివేటప్పుడే పడి ఉండొచ్చు. బిర్యానీ మీద నేరం మోపి సాధించేదేమీ లేదు.

మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలంత ఎక్కువ కాదు. కానీ ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి తన రోగుల లెక్క తీస్తే సగటు వయసు 47 ఏళ్లు వచ్చింది. ఒక్క ఆస్పత్రి లెక్కను దేశం లెక్క అనుకోకూడదు. పైగా మనది కుర్రకారు ఎక్కువున్న జనాభా, దూరాలు తిరిగి ముంబయి దాకా వెళ్లేవాళ్లలోనూ వయసులో ఉన్నవాళ్లే ఎక్కువ. ఈ సవరణలన్నీ వేసుకున్నా, ఇది తాతల జబ్బన్న ధీమాకి ఆ అంకెలో చోటు లేదు. అమెరికాలో లక్షణాలు లేనివాళ్లకీ 45 ఏళ్ల నుంచి పరీక్ష మొదలుపెట్టాలని 2021లో నిర్ణయించారు. మన జాతీయ కార్యక్రమం వెతికేది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లనే. కాబట్టి ఇక్కడ లక్షణమే తలుపు తట్టాలి, వినే మనిషి లోపల ఉండాలి.

2016లో అలాంటి తలుపు ఇద్దరికి తెరుచుకుంది. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కి అప్పుడు నలభై నిండలేదు. మూడో స్టేజ్ పెద్దపేగు క్యాన్సర్. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో డెబొరా జేమ్స్ అనే స్కూల్ డిప్యూటీ హెడ్ టీచర్‌కి, 35 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లికి, అప్పటికే నాలుగో స్టేజ్.

బోస్‌మన్ ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్లకీ కీమోకీ మధ్య 'బ్లాక్ పాంథర్'లో గెంతాడు, దూకాడు. ఆ సినిమా తీసిన ర్యాన్ కూగ్లర్‌కే తన హీరో జబ్బు సంగతి తెలియదు. 2020లో అతను చిక్కిపోయి కనపడితే సామాజిక మాధ్యమాల్లో వెక్కిరించారు. ఆ ఏడాది ఆగస్టు 28న, 43 ఏళ్లకి, లాస్ ఏంజెలస్‌లో ఇంట్లోనే పోయాడు.  డెబొరా దీనికి పూర్తిగా ఎదురు. మలం బొమ్మ వేషం వేసుకుని డాన్సు చేసింది. బీబీసీలో ఇంకో ఇద్దరు రోగులతో కలిసి పాడ్‌కాస్ట్ నడిపింది. ఆ ముగ్గురిలో ఒకరైన రేచల్ బ్లాండ్ 2018లో పోయినా ఆపలేదు. 2022 మేలో చికిత్స ఆపి తల్లిదండ్రుల ఇంటికి చేరి నిధి మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే అరవై లక్షల పౌండ్లు దాటాయి. జూన్ 28న ఆమె పోయింది, నలభై ఏళ్లకి. ఆ ఏడాది మే నుంచి జూలై దాకా ఇంగ్లండ్‌లో ఈ క్యాన్సర్ అనుమానంతో పరీక్షలకి పంపినవాళ్లు 1,70,500 మంది. అంతకు ముందు ఏడాది ఇదే మూడు నెలల కంటే 30,000 పైచిలుకు ఎక్కువ.

డెబొరా దారి మంచిది, బోస్‌మన్ దారి చెడ్డది అనాలనిపిస్తుంది. నేను అనను. బోస్‌మన్‌కి భార్య, వేళ్ల మీద లెక్కపెట్టగల దగ్గరివాళ్లు తోడున్నారు. లోకానికి చెప్పకపోవడం వేరు, ఒంటరిగా ఉండడం వేరు. నల్లజాతి నటుడి జబ్బు బయటపడితే చేతిలో సినిమాలు మిగులుతాయా అన్న లెక్క అతనికి ఉండి ఉంటే దాన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు. పెళ్లి కాని తెలుగమ్మాయి ఆఫీసులో నోరు విప్పకపోవడానికీ అలాంటి లెక్కే కారణం. ఎంతమందికి చెప్పాలన్నది రోగి ఇష్టం. కనీసం ఇద్దరికి పూర్తిగా తెలిసి ఉండాలన్నది మాత్రం ఇష్టాయిష్టాలకి వదిలే విషయం కాదు. ఎందుకో చెప్పే అంకెలున్నాయి.

2013లో అమెరికన్ పరిశోధకులు 7,34,889 మంది క్యాన్సర్ రోగుల వివరాలు చూశారు. పెళ్లయి భాగస్వామితో ఉన్నవాళ్లలో జబ్బు ముదిరాక బయటపడడం తక్కువ, సరైన చికిత్స అందడం ఎక్కువ, ఆ జబ్బుతో చావు దాదాపు 20 శాతం తక్కువ. పెద్దపేగు క్యాన్సర్‌తో సహా కొన్నిటిలో ఈ తేడా, అంతకు ముందు అచ్చయిన అధ్యయనాలు కీమోకి చూపిన లాభాన్ని మించింది. తాళిబొట్టులో ఔషధ గుణం ఉందని దీనర్థం కాదు (అలా అచ్చేసే పత్రికలు మనకి లేకపోలేదు). డబ్బు, చదువు, ముందునుంచీ ఉన్న ఆరోగ్యం కూడా ఆ లెక్కలో దూరి ఉంటాయి. అయినా "ఆ రక్తం సంగతి డాక్టరుకి చూపించావా లేదా?" అని మూడోసారి అడిగే మనిషి ఇంట్లో ఉండడానికి ఒక విలువ ఉంది, అది లెక్కకి అందే విలువ.

ఇంకా గట్టి ఆధారం 2025 జూన్‌లో వచ్చింది. ఛాలెంజ్ అనే అధ్యయనంలో, ముఖ్యంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో, ఆపరేషనూ కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్ని చీటీ వేసినట్టు రెండుగా విడదీశారు. ఒక గుంపుకి ఆరోగ్య సూచనల పుస్తకాలిచ్చారు. రెండో గుంపుకి పుస్తకాలతో పాటు మూడేళ్లపాటు ఒక వ్యాయామ సలహాదారుణ్ణి జతచేశారు. మొదట్లో రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి కలవడం, ఎంత నడిచారో అడగడం, మోకాలు నొప్పంటే ఇంకో దారి చూపడం అతని పని. వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావుగంట చురుగ్గా నడిస్తే సరిపోయేంత వ్యాయామమే. ఎనిమిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు పుస్తకాల గుంపులో 83.2 శాతం, మనిషి తోడున్న గుంపులో 90.3 శాతం. పత్రికలన్నీ వ్యాయామం క్యాన్సర్‌ని ఆపుతుందని రాశాయి. అది నిజమే, కానీ నడవమన్న సలహా రెండు గుంపులకీ అందింది. రెండో గుంపుకి అదనంగా అందింది వెంటపడి అడిగే మనిషి.

న్యూయార్క్‌లో ఇంకో ప్రయోగం. ముదిరిన క్యాన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిలో కొందరికి తమ బాధల్ని కంప్యూటర్‌లో నమోదు చేసే వీలు కల్పించారు. వాంతులో, నొప్పో ఎక్కువైందని నొక్కగానే నర్సుకి కబురు వెళ్తుంది. ఆ గుంపు సగటున 31 నెలలు బతికితే, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు 26 నెలలు బతికారని 2017లో తేలింది. అందులో కొత్త మందేమీ లేదు, బాధ వెంటనే ఒకరికి చేరింది. మన ఇళ్లలో ఆ పని ఫోన్లో నర్సు నంబరు దాచుకుని, అర్ధరాత్రి జ్వరం నూటొక్కటి దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లే తమ్ముడు చేస్తాడు. తెల్లకణాలు పడిపోయినప్పుడు ఆ జ్వరం ప్రాణం తీయగలదు.

తోడు అవసరం రోగం పేరు తెలిసిన రోజు నుంచే మొదలవుతుంది. మనవాళ్ల పాత అలవాటు ఒకటుంది. రోగిని బయట కూర్చోబెట్టి "తనకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేడు" అని బావమరిది లోపల బతిమాలుకుంటాడు. ఇవాళ రోగి ముప్పై మూడేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బయాప్సీ రిపోర్టు ల్యాబ్ నుంచి అతని వాట్సాప్‌కే వస్తుంది, అడెనోకార్సినోమా అంటే ఏమిటో పార్కింగ్‌లోనే చదివేసుకుంటాడు. ఆ తర్వాత ఇంట్లో అందరూ అందరి ముందూ నటించాలి. ఇంత శ్రమ ఎవరి కోసం? నిజం తెలిసిన రోగి మాత్రమే కొన్ని ప్రశ్నలు అడగగలడు, కొన్నిటికి గడువు రోజుల్లోనే ఉంటుంది.

వాటిలో మొదటిది పిల్లల సంగతి. మలాశయ క్యాన్సర్‌కి పొత్తికడుపుకి రేడియేషన్ ఇస్తే అండాశయాలు పనిచేయడం మానేస్తాయి, గర్భసంచీ దెబ్బతింటుంది. మగవాళ్లలో వీర్యకణాలు పోవచ్చు, ఆపరేషన్‌లో నరాలు తగిలితే అంగస్తంభనకీ ఇబ్బంది రావచ్చు. వీర్యం దాచడం ఒక్కరోజు పని. అండాలు దాచడానికి రెండు వారాలు చాలు. రేడియేషన్ తగలని చోటికి అండాశయాల్ని జరిపి కుట్టే పద్ధతీ ఉంది. ఇవన్నీ చికిత్స మొదలవకముందే జరగాలి. అత్తగారూ మామగారూ చుట్టూ కూర్చున్న గదిలో ఈ మాట ఎవరెత్తుతారు? పది నిమిషాలు వాళ్లని టీకి తీసుకెళ్లే ఆడపడుచు దొరికితే అంతకు మించిన సాయం లేదు.

రెండోది సంచి. పేగు అతికించిన చోటు మానేదాకా మలం పొట్ట మీద సంచిలోకి వచ్చేలా దారి పెడతారు. చాలామందికి అది కొన్ని నెలల ముచ్చటే, కొందరికి శాశ్వతం. దాని కోసం పొట్ట మీద గుర్తు పెట్టడం ఆపరేషన్‌కి ముందే, రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి చేయాలి. చీర కట్టే మనిషికి లంగా బొందు పడే గీత మీద, ప్యాంటు వేసుకునేవాడికి బెల్టు కింద ఆ రంధ్రం పడితే రోజూ నరకమే. "ఈమె చీరే కడుతుంది, కాస్త చూసి పెట్టండమ్మా" అని ఆ ముందురోజు నర్సుకి చెప్పడానికి వైద్యం చదవక్కర్లేదు.

మూడో ప్రశ్న: గడ్డలో డీఎన్ఏ తప్పుల్ని దిద్దే వ్యవస్థ పనిచేస్తోందా? కణంలో నకలు తీసిన డీఎన్ఏని, అచ్చుకి వెళ్లేముందు ప్రూఫులు చూసినట్టు చూసే ప్రోటీన్లు కొన్నున్నాయి. అవి లేని గడ్డలో తప్పులు వేలల్లో పేరుకుంటాయి. వింతేమిటంటే, అన్ని తప్పులున్న గడ్డని మన రోగనిరోధక వ్యవస్థ సులువుగా పరాయిదని గుర్తుపడుతుంది. 2022 జూన్‌లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు ఈ రకం మలాశయ క్యాన్సర్ ఉన్న రోగులకి డోస్టర్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందొక్కటే ఇచ్చి చూశారు. అప్పటికి చికిత్స పూర్తయిన 12 మందిలో 12 మందికీ గడ్డ కనపడకుండా పోయింది. రేడియేషన్ లేదు, ఆపరేషన్ లేదు, సంచి లేదు. ఇలాంటి గడ్డలు పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లన్నిటిలో ఏడో వంతు దాకా ఉంటాయి, మలాశయంలో ఇంకా తక్కువ. మందు ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ పరీక్షకి కావలసింది అదే బయాప్సీ ముక్క. అడిగితే చేస్తారు.

కీమో గురించి ఒకే మాట. వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడు అని కుర్రవాళ్లకి మందులు ఎక్కువ ఇస్తున్నారని, దానికి తగ్గట్టు ఆయుష్షు పెరగడం లేదని అమెరికన్ రికార్డులు చూసినవాళ్లు గమనించారు. మూడో స్టేజ్‌లో తక్కువ ముప్పు ఉన్నవాళ్లకి ఆరు నెలల బదులు మూడు నెలలు చాలని 2018లో పెద్ద అధ్యయనం చెప్పింది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎంతెక్కువ ఎక్కితే అరికాళ్ల తిమ్మిరి అంతకాలం ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేనంతగా వేళ్లు మొద్దుబారి ఏళ్ల తరబడి మిగిలినవాళ్లున్నారు. ఆ మందు ఎక్కిన రోజుల్లో చల్లటిదేదీ పడదు. మే నెల విజయవాడలో కుండనీళ్లు గొంతులో పోసుకుంటే గొంతు పట్టేసినట్టవుతుంది, ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లకి షాక్ కొట్టినట్టుంటుంది. ఇది తెలియని పెద్దమ్మ ప్రేమగా చల్లని మజ్జిగ గ్లాసు చేతికిస్తుంది.

ప్రేమకి కొదవలేని ఇళ్లలోనే రోగి అలిసిపోవడం తరచూ చూస్తాం. వచ్చినవాళ్లు తలా ఒక ఆహార సూత్రం తెస్తారు. ఒకరు పాలు మానమంటారు, ఒకరు చక్కెర, ఇంకొకరు గోధుమగడ్డి రసం. బరువు తగ్గిపోతున్న మనిషి చేత అన్నీ మాన్పిస్తే కీమోకి ఒళ్లే మిగలదు. "ఏదన్నా అవసరమైతే చెప్పండి" అనేవాళ్లు వందమంది. "బావా, బుధవారం సెలవు పెట్టాను, కీమోకి నేను తీసుకెళ్తా, అక్కని ఇంట్లో పడుకోమను" అనేవాడు ఒకడు. ఆ రెండోవాడి వల్ల భార్యకి ఒక రోజు నిద్ర దొరుకుతుంది.

డబ్బు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్లకి దారి తెరిచింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆస్పత్రికి రోజూ జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లని చూస్తే ఆ పథకం విలువ తెలుస్తుంది. కార్డుకి అందనివి వేరే ఉన్నాయి: ఆస్పత్రి దగ్గర అద్దెగది, తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన పిల్లల బడి. డల్లాస్‌లో ఉన్న తెలుగు ఇంజనీరుకి ఇంకో రకం ముడి. బీమా ఉద్యోగానిది, వీసా కూడా ఉద్యోగానిదే, జబ్బు సెలవు ఎక్కువైతే మూడూ ఒకేసారి కదులుతాయి. అక్కడ తోడంటే మానవ వనరుల విభాగానికి పంపే ఈమెయిల్‌ని సరిదిద్దిచ్చే స్నేహితుడు.

ఇంతమంది రోగికి చేసే సాయం చెప్పాక, రోగి వాళ్లకి చేయగలిగేది కూడా చెప్పాలి. దానికి 1895కి వెళ్లాలి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్ ఇంటికి బట్టలు కుట్టే పాలీన్ గ్రాస్ ఒకరోజు దిగులుగా ఉంది. ఏమిటంటే, తనూ చిన్నవయసులోనే క్యాన్సర్‌తో పోతానని, తన వంశంలో చాలామంది పేగు క్యాన్సర్‌తోనో, గర్భసంచి క్యాన్సర్‌తోనో అలాగే పోయారని చెప్పింది. పిచ్చి భయమని కొట్టిపారేయకుండా వార్తిన్ ఆ వంశవృక్షం రాయడం మొదలుపెట్టి 1913లో ప్రచురించాడు. ఆమె అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. తర్వాత హెన్రీ లించ్ అలాంటి కుటుంబాల వెంట దశాబ్దాలు తిరిగాడు. వంశపారంపర్యమంటే తోటివాళ్లు నమ్మని రోజులవి. ఇప్పుడా స్థితికి లించ్ సిండ్రోమ్ అని పేరు. ప్రూఫులు చూసే ప్రోటీన్ల జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉండడం దాని మూలం. పాలీన్ వంశంలో ఆ జన్యువు ఎంఎస్‌హెచ్2 అని 2000లో, ఆమె నోరు విప్పిన నూటయిదేళ్లకి, తేలింది.

50 ఏళ్లలోపు పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లకి జన్యుపరీక్ష చేస్తే ఆరుగురిలో ఒకరికి ఇలాంటి వారసత్వ మార్పు ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికితే అక్కాచెల్లెళ్లకీ అన్నదమ్ములకీ చెరిసగం అవకాశం. ఉందని తేలినవాళ్లు 20, 25 ఏళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటే పాలిప్ క్యాన్సర్ కాకముందే దాన్ని తీసేయవచ్చు. లేదని తేలినవాళ్లకి ఆ భయమే లేదు. మార్పు ఏదీ దొరకని కుటుంబంలోనూ తోడబుట్టినవాళ్లు, పిల్లలు నలభయ్యో ఏట, లేదా ఇంట్లో జబ్బు వచ్చిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించుకోవాలి. అన్నకి 34లో వస్తే చెల్లెలికి 24లో అన్నమాట. మన ఇళ్లలో సరిగ్గా ఆ వయసులోనే చెల్లెలికి సంబంధాలు చూస్తుంటారు, సరిగ్గా అందుకే అన్న జబ్బు సంగతి చుట్టాలకి కూడా తెలియనివ్వరు. పెళ్లిళ్ల బ్రోకరుకి చెప్పనక్కర్లేదు. చెల్లెలికి చెప్పి, ఆమె వెంట ఆస్పత్రికి వెళ్లి, మత్తు దిగేదాకా పక్కన కూర్చుంటే చాలు. ఆ రోజు అటెండెంట్ కుర్చీలో కూర్చునేది అన్నే.